వినబడుతోంది కానీ అర్థం కావట్లేదంటున్నారు: చెవి సమస్యా, మెదడు సమస్యా, నటనా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీ అత్తగారికి 68 ఏళ్లు. పిలిస్తే పలుకుతారు, కానీ చెప్పిన దాంట్లో సగం అర్థం కాదంటారు. గొంతు పెంచితే "ఎందుకమ్మా అలా అరుస్తావు" అని నొచ్చుకుంటారు. టీవీలో వార్తలు అంతుపట్టవు, పాత సినిమా పాట మొదలైతే మాత్రం పదం పొల్లుపోకుండా కూడా పాడతారు. మీ ఆడపడుచు మాటలు బాగానే అందుతాయి, మీ మాటలూ మీ పాప మాటలూ అందవు. "కావలసినవే వింటుంది" అని ఇంట్లో గుసగుసలు. మీది నిజామాబాద్ వైపు, వాళ్లది భీమవరం వైపు అని కూడా రాశారు. అది అనవసరమైన వివరం అనుకోకండి, ఈ విషయంలో అదీ పనికొస్తుంది.

సూటిగా చెప్పాలంటే ఇది నటన కాదు. మీరు రాసిన లక్షణాలన్నీ వయసుతో వచ్చే వినికిడి లోపంలో నేను రోజూ చూసేవే. చెవి కొన్ని రకాల శబ్దాలను మెదడుకు అందించడం మానేస్తుంది. ఆ ఖాళీలను మెదడు తనకు తెలిసినదాన్ని బట్టి పూరించుకుంటుంది. పూరించుకోగలిగిన చోట మాట అర్థమవుతుంది, లేనిచోట కాదు. పాట అందడానికి, వార్త అందకపోవడానికి తేడా అక్కడే ఉంది. పరీక్ష చేయించాకే ఖాయంగా చెప్పగలం గానీ, ఈలోగా గొంతు పెంచడం మాత్రం దీనికి మందు కాదు.

నేను ఆడియాలజిస్టుని. వినికిడి పరీక్షలు చేయడం, చెవి మిషన్లు అమర్చడం నా వృత్తి. మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది కుర్చీలో కూర్చోగానే చెప్పే మొదటి మాట "నాకు వినబడుతుందండీ, వీళ్లే నంగినంగిగా మాట్లాడతారు" అని. పక్కనున్న కొడుకో కూతురో నవ్వుతారు. నిజానికి ఆ పెద్దాయన తనకు వినబడుతున్నది ఉన్నదున్నట్టే చెబుతున్నారు. ఎందుకో చూడండి.

శబ్దం చెవి గొట్టంలోంచి వెళ్లి కర్ణభేరిని కదిలిస్తుంది. దాని వెనక మూడు బుల్లి ఎముకలుంటాయి. కర్ణభేరి వైశాల్యం చివరి ఎముక పాదం కంటే దాదాపు 17 రెట్లు పెద్దది. అందువల్ల ఒత్తిడి పెరిగి, గాలిలో వచ్చిన కదలిక లోపలి చెవిలోని ద్రవాన్ని కదిలించగలుగుతుంది. ఆ లోపలి చెవి, అంటే కోక్లియా, నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగి ఉంటుంది. సాగదీస్తే మూడున్నర సెంటీమీటర్లు. దాని పొడవునా స్వరాలు హార్మోనియం మెట్లలా వరసగా పంచుకుని ఉంటాయి. ద్వారం దగ్గర సన్నని తారస్థాయి శబ్దాలు, లోపలి కొనకు పోయేకొద్దీ మంద్రస్థాయి శబ్దాలు. ఏ శబ్దం ఎక్కడ ఎక్కువ కదలిక తెస్తుందో ప్రయోగాల్లో చూపించినందుకే గేయోర్గ్ ఫాన్ బేకెషీకి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ పొడవునా రెండు రకాల కేశకణాలు, అంటే వెంట్రుకల్లాంటి కొనలున్న వినికిడి కణాలు, ఉంటాయి. లోపలి వరసలో సుమారు 3,500. మెదడుకు కబురు పంపేవి ప్రధానంగా ఇవే. బయటి వరసల్లో సుమారు 12,000. ఇవి తామే సాగుతూ కుంచించుకుంటూ మెల్లని శబ్దాలను పెంచి ఇస్తాయి. వయసు, ఏళ్లతరబడి పెద్ద చప్పుళ్ల మధ్య పని, కొన్ని మందులు వీటిని దెబ్బతీస్తాయి. మనుషుల్లో ఒకసారి చనిపోయిన కేశకణం మళ్లీ పుట్టదు. వయసు వల్ల వచ్చే లోపంలో ముందు దెబ్బతినేది సాధారణంగా ద్వారం వైపు, అంటే తారస్థాయి శబ్దాల వైపు. మంద్రం వైపు చాలాకాలం బాగానే ఉంటుంది.

ఇప్పుడు దీన్ని తెలుగు మాటకు పెట్టి చూడండి. అచ్చుల బలం ఎక్కువగా 1000 హెర్ట్జ్ (సెకనుకు వెయ్యి కంపనాలు) లోపే ఉంటుంది. అవి గట్టివి, నిడివి గలవి. హల్లుల సంగతి అలా కాదు. "స" లోని ఆ బుస అంతా 4000 హెర్ట్జ్ చుట్టూ, ఆపైన ఉంటుంది. "ప", "త", "క" అనేవి నోరు విప్పేటప్పుడు సెకనులో వందో వంతు, రెండు వంతుల పాటు వచ్చే చిన్న చిటపటలు. మా గదిలో మాటల పరీక్ష చేసేటప్పుడు తెర వెనక నుంచి "పప్పు" అంటే ఒకావిడ "తప్పు" అని తిరిగి చెబుతారు, "కప్పు" అంటే "అప్పు" అంటారు. ఆవిడ చెప్పింది జాగ్రత్తగా చూస్తే అచ్చులన్నీ సరిగ్గా ఉంటాయి. మధ్యలో ఒత్తు కూడా సరిగ్గా ఉంటుంది, ఎందుకంటే ద్విత్వం తెలిసేది అక్కడ నోరు ఎంతసేపు మూసి ఉంచామన్న దాన్ని బట్టి. ఆ వ్యవధిని పట్టుకోవడానికి తారస్థాయి వినికిడి అంతగా అక్కర్లేదు. పోయింది మొదటి హల్లు ఒక్కటే. కానీ పప్పుకీ తప్పుకీ తేడా ఆ ఒక్కదాంట్లోనే ఉంది కదా!

తెలుగులో దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది. అందుకే మీ అత్తగారికి మీరు మాట్లాడుతున్నారని నిండుగా వినబడుతుంది. ఏం మాట్లాడుతున్నారో తెలియదు. "వినబడుతోంది కానీ అర్థం కావట్లేదు" అన్నది ఆవిడ పరిస్థితిని అచ్చుగుద్దినట్టు చెప్పే వాక్యం.

ఇక అరుపు సంగతి. మనం గొంతు పెంచినప్పుడు పెరిగేది ఎక్కువగా అచ్చులే. ఆవిడకు కావలసిన హల్లులు పెద్దగా పెరగవు, పైగా పెరిగిన అచ్చుల కింద పడిపోతాయి. రెండో కారణం ఇంకా ముఖ్యం. బయటి కేశకణాలు మెల్లని శబ్దాలను బాగా పెంచుతాయి, పెద్ద శబ్దాలను అంతగా పెంచవు. అవి పోయినప్పుడు మెల్లని శబ్దం అసలు వినబడదు, పెద్ద శబ్దం మాత్రం మామూలు వాళ్లకు ఎంత పెద్దగా వినబడుతుందో అంతే పెద్దగా వినబడుతుంది. వినబడటం మొదలయ్యే స్థాయికీ భరించలేని స్థాయికీ మధ్య దూరం బాగా తగ్గిపోతుంది. మామూలుగా చెబితే "ఆఁ, ఏంటీ?", కాస్త గట్టిగా చెబితే "అబ్బా, చెవులు పగిలిపోతున్నాయి!" అనేది ఇందుకే. చాలా ఇళ్లలో ఇది గొడవగా మారుతుంది. అటు కోడలికి అవమానం, ఇటు అత్తగారికి కష్టం. ఇద్దరిదీ తప్పు కాదు.

ఇక్కడిదాకా చెవి పని. మెదడు పని ఇంతకంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

1970లో రిచర్డ్ వారెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక వాక్యాన్ని రికార్డు చేసి, ఒక మాటలోంచి ఒక ధ్వనిని పూర్తిగా కోసేసి ఆ చోట దగ్గు అతికించాడు. విన్నవాళ్లు ఆ మాట మొత్తం విన్నామన్నారు. దగ్గు ఎక్కడ వచ్చిందో కూడా సరిగ్గా చూపించలేకపోయారు. లేని ధ్వనిని మెదడు పుట్టించి వినిపించింది. మీరూ నేనూ ఈ పని రోజంతా చేస్తూనే ఉంటాం. పాత టెలిఫోన్ లైన్లు సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకానే పంపేవి. మగవాళ్ల గొంతు మూలస్వరం చాలావరకు 100 నుంచి 150 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అంటే ఆ మూలస్వరం అవతలికి చేరనే చేరదు. అయినా నాన్న గొంతు నాన్న గొంతులాగే బొంగురుగా వినబడేది. పైన వచ్చే స్వరాల మధ్య దూరాన్ని బట్టి మెదడు ఆ లోటును పూడ్చుకునేది.

పాత పాట విషయంలో జరిగేదిదే. రాగం, తాళం చాలావరకు మంద్ర, మధ్య స్థాయిల్లోనే ఉంటాయి, అవి ఆవిడకు అందుతాయి. సాహిత్యం ముందే కంఠస్థం. ఆవిడ సగం వింటున్నారు, సగం గుర్తు చేసుకుంటున్నారు, రెండూ కలిసి ఆవిడకు మాత్రం పూర్తిగా విన్నట్టే ఉంటుంది. వార్తల్లో ఈ వీలు లేదు. కొత్త పేర్లు, కొత్త ఊళ్లు, అంకెలు, చదివేవాళ్ల వేగం, వెనక మోగే సంగీతం. తర్వాత ఏ మాట వస్తుందో ఊహించే అవకాశమే ఉండదు.

మీ ఆడపడుచు సంగతి కూడా ఇంతే. ఆ గొంతును మీ అత్తగారు కూతురు పుట్టినప్పటి నుంచీ వింటున్నారు. ఆ ఉచ్చారణ, ఆ విరుపులు, ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందన్నదీ మెదడుకు అలవాటే. తెలిసిన గొంతు రొద మధ్య కూడా తేలిగ్గా అర్థమవుతుందని పరిశోధనలు చెబుతున్నాయి, నా అనుభవమూ అదే. మీరు "వచ్చినవా" అంటారు, ఆవిడ చెవి ఇన్నేళ్లూ విన్నది "వచ్చావా". చెవి బాగున్నప్పుడు ఈ తేడా లెక్కలోకే రాదు. సగం ధ్వనులు అందనప్పుడు మెదడు వేసే ఊహ పాత అలవాటు మీదే ఆధారపడుతుంది, అది తప్పుతుంది. మీ యాసలో ఏ లోపమూ లేదు, దయచేసి దాన్ని మార్చుకోవాలని అనుకోకండి. ఇక పాపది సన్నని గొంతు, వేగం ఎక్కువ, మధ్యమధ్యలో స్కూలు ఇంగ్లీషు. ఆవిడకు అన్నిటికంటే కష్టమైన కూర్పు అదే.

మాతృభాష మీద మెదడు ఎంత తొందరగా పట్టు సాధిస్తుందో ఒక ముచ్చట చెబుతాను. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన పసిపిల్లలకు హిందీలోని "త", "ట" లాంటి ధ్వనులు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు తేడా పట్టేశారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి చాలామంది పట్టలేకపోయారు. చెవి మారలేదు. తన చుట్టూ వినబడని తేడాను మెదడు పట్టించుకోవడం మానేసింది. అమెరికాలో పుట్టిపెరిగిన మన పిల్లలు కొందరు ల, ళ తేడా పలకలేరని అమ్మమ్మలు బెంగపడుతుంటారు. చాలాసార్లు పిల్లలకు ఆ తేడా వినబడకపోవడమే అసలు సంగతి. ఏడాది నిండకముందు నుంచే మెదడు ఇలా ఒక భాషకు, ఒక ఇంటి మాటతీరుకు సర్దుకుంటుందని చెప్పడానికే ఇది.

రొద గురించి కూడా రాశారు, వంటింట్లోంచి పిలిస్తే అసలు అందదని. రొదలో మాట పట్టుకోవడానికి రెండు చెవులూ కావాలి. ఒక పక్క నుంచి వచ్చే శబ్దం దగ్గరి చెవికి ముందు, రెండో చెవికి కాస్త తర్వాత చేరుతుంది. ఆ తేడా ఎక్కువలో ఎక్కువ సెకనులో పదివేల వంతుల్లో ఆరేడు వంతులు. అంత చిన్న తేడాను మెదడు కాండంలోని కణాలు కొలిచి, ఏ శబ్దం ఎటునుంచి వచ్చిందో తేలుస్తాయి. దానివల్లే పదిమంది మాట్లాడుతున్న చోట మనకు కావలసిన ఒక్క గొంతును పట్టుకుని మిగతావి పక్కకు నెట్టగలం. 1953లో కాలిన్ చెర్రీ మొదలుపెట్టిన ప్రయోగాలు ఈ నైపుణ్యం గురించే. చెవి పంపే వివరాలు మసకబారితే ముందుగా దెబ్బతినేది ఇదే. పెళ్లి మండపంలో సన్నాయి మేళం, కుక్కర్ విజిల్, మిక్సీ, ధారగా పడే కుళాయి, అన్నీ ఒకే ముద్దగా తగులుతాయి.

కళ్లు కూడా వింటాయి. "బ" అన్న శబ్దాన్ని, "గ" అంటున్న పెదవులతో కలిపి చూపిస్తే చాలామందికి "ద" అని వినబడుతుందని 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ చూపించారు. కరోనా మాస్కుల రోజుల్లో "ఉన్నట్టుండి వినికిడి తగ్గింది" అంటూ మా దగ్గరికి చాలామంది వచ్చారు. పరీక్షలో కనిపించింది పాత లోపమే. అంతవరకు పెదవులు చూసి నెట్టుకొచ్చారు, ఆ ఆసరా పోయింది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ముందు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. గులిమి గట్టిపడి అడ్డుపడినా, కర్ణభేరికి చిల్లు ఉన్నా అక్కడే తెలుస్తుంది. ఇంట్లో నూనె కాచి పోయడం, పిన్నీసుతో తీయడం వద్దు. ఆ తర్వాత ఆడియోమెట్రీ చేయించండి. అందులో 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా ఒక్కో స్వరాన్ని ఎంత మెల్లగా వినిపించినా వినగలరో చూసి గ్రాఫ్ గీస్తారు. దాంతోపాటు మాటల పరీక్ష కూడా తప్పకుండా అడిగి చేయించుకోండి. చాలాచోట్ల గ్రాఫ్ ఒక్కటే ఇచ్చి పంపేస్తారు. స్వరాలు వినడం చెవి పని, మాటలు పోల్చుకోవడం చెవి, నరం, మెదడు మూడూ కలిసి చేసే పని. గ్రాఫ్ మామూలుగానే ఉండి మాటల శాతం బాగా తక్కువొస్తే సమస్య నరంలోనో ఆపైనో ఉండొచ్చు. ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. రెండు చెవుల గ్రాఫులూ ఇంచుమించు ఒకటే, మాటలు మాత్రం ఎడమవైపు చాలా తక్కువ. ఈఎన్‌టీ డాక్టరు ఎమ్మారై తీయిస్తే వినికిడి నరం మీద చిన్న గడ్డ బయటపడింది. క్యాన్సర్ కాదు, తొందరగా దొరికింది కాబట్టి వైద్యం సులువైంది. ఇలాంటివి అరుదు. టెన్షన్ పెట్టడానికి చెప్పడం లేదు, మాటల పరీక్ష ఎందుకు అడగమంటున్నానో తెలియాలని చెబుతున్నాను.

మతిమరుపేమో అన్న భయం కూడా మీ ప్రశ్నలో కనిపించింది. ఇంట్లో ఒకటి గమనించండి. ఆవిడకు అందని ప్రశ్ననే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించండి. చదివి వెంటనే సరైన జవాబు చెబితే లోటు ఎక్కువగా వినికిడిదే. చదివి కూడా తికమకపడుతుంటే, చెప్పింది కాసేపటికే మరిచిపోతుంటే న్యూరాలజిస్టును కలవండి. ఒకటి ఉంటే రెండోది ఉండదనీ కాదు. వినికిడి లోపాన్ని వదిలేస్తే డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ముప్పు పెరుగుతుందని లాన్సెట్ వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2020లో కూడా లెక్కలోకి తీసుకుంది. 2023లో అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరీక్షలో మొత్తం మీద చూస్తే మిషన్ల వల్ల తేడా కనబడలేదు. ముప్పు ఎక్కువున్న పెద్దవాళ్లలో మాత్రం మూడేళ్లలో ఆలోచనాశక్తి తగ్గే వేగం దాదాపు సగానికి పడిపోయింది. మిషన్ పెడితే మతిమరుపు రాదని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి, అలాగని చెవిని పట్టించుకోకుండా వదిలేయకండి.

మిషన్ గురించి. ఆన్‌లైన్లో చవగ్గా దొరికే సౌండ్ పెంచే పరికరాలు కొనకండి. అవి అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచుతాయి. మీ అత్తగారికి మంద్రస్థాయి పెంచాల్సిన పని లేదు, తారస్థాయి మాత్రమే, అదీ ఎక్కడ ఎంత కావాలో అంతే పెంచాలి. పెద్ద శబ్దాన్ని అదుపులో కూడా ఉంచాలి. అలా గ్రాఫును బట్టి అమర్చేదే సరైన మిషన్. రెండు చెవులకూ లోపముంటే రెండింటికీ పెట్టించడం మంచిది, పైన చెప్పిన దిశ లెక్క రెండు చెవులుంటేనే పనిచేస్తుంది. ఆదాయం తక్కువున్న వాళ్లకు కేంద్రం అమలుచేసే అడిప్ పథకం కింద మిషన్లు ఇస్తారు. సికింద్రాబాద్‌లో వినికిడి, మాట లోపాల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడ వాకబు చేయొచ్చు.

పెట్టిన మొదటి వారం ఆవిడ విసుక్కుంటారు. ఫ్యాను చప్పుడు, గాజుల గలగల, కాగితం నలిగిన శబ్దం, తన నమిలే చప్పుడు, అన్నీ మీదపడినట్టుంటాయి. ఏళ్లుగా అందని శబ్దాల్లో ఏది వదిలేయాలో ఏది పట్టుకోవాలో మెదడు మళ్లీ నేర్చుకోవాలి. దానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. కోక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే పరికరం) చేయించుకున్న పెద్దవాళ్లను చూస్తే ఇది బాగా తెలుస్తుంది. 3,500 కణాలు చేయాల్సిన పనికి అక్కడ ఉండేది 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు. మొదట్లో "అందరూ రోబోల్లా మాట్లాడుతున్నారు" అంటారు. అదే మనిషి కొన్ని నెలల తర్వాత కొడుకుతో ఫోన్లో మాట్లాడుతుంటారు. పరికరం అదే, నేర్చుకున్నది మెదడు. కాబట్టి మిషన్ బీరువాలో పెట్టి పెళ్లిళ్లకు మాత్రం తగిలించుకోవడం పనికిరాదు. మెదడుకు అలవాటయ్యే వీలే ఉండదు. పైగా పెళ్లి మండపం అన్నిటికంటే కష్టమైన చోటు, అక్కడ మొదలుపెడితే "ఇది వేస్టు" అని పక్కన పారేస్తారు. పొద్దున నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో, ఒక్కరితో మాట్లాడటంతో మొదలుపెట్టించండి.

ఇంట్లో ఇవాళ్టి నుంచే చేయగలిగినవి కొన్ని. వేరే గదిలోంచి పిలిచి మాట్లాడకండి. ముందు పేరుపెట్టో వరసపెట్టో పిలవండి, మీ వైపు తిరిగాక చెప్పండి. వెలుతురు మీ ముఖం మీద పడాలి, కిటికీకి వీపు పెట్టి నిలబడితే మీ పెదవులు ఆవిడకు కనబడవు. గొంతు మామూలుగానే ఉంచి వేగం తగ్గించండి. అక్షరం అక్షరం విడగొట్టక్కర్లేదు, వాక్యం వాక్యానికీ మధ్య ఒక్క క్షణం ఆగితే చాలు. ఒకసారి అందకపోతే అదే మాట మూడుసార్లు అనకండి, మాట మార్చండి. "కప్పు ఇవ్వనా" అందకపోతే "టీ తాగుతారా అత్తయ్యా" అనండి. విషయం ముందు చెప్పడం కూడా చాలా ఉపయోగం. "పాప స్కూలు సంగతి" అని మొదలుపెడితే తర్వాత వచ్చే మాటల్ని ఊహించడానికి మెదడుకు ఆధారం దొరుకుతుంది. సాయంత్రానికి ఆవిడ మరీ తక్కువ వింటున్నట్టు అనిపిస్తే అది అలసట. రోజంతా ఖాళీలు పూరించడం ఎంత శ్రమో పక్కవాళ్లకు తెలియదు. ముఖ్యమైన విషయాలు పొద్దుటే మాట్లాడుకోండి. విందుల్లో స్పీకరుకు దూరంగా, గోడకు వీపు ఆనేలా కూర్చోబెట్టండి. "ఏం లేదులే" అని మాత్రం ఎప్పుడూ అనకండి. దానికంటే ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి లేదని నా దగ్గరికొచ్చే పెద్దవాళ్లు చెబుతుంటారు.

కొన్నిటికి ఆగకూడదు. ఒకటి రెండు రోజుల్లో ఉన్నట్టుండి ఒక చెవి వినబడటం తగ్గితే అది అత్యవసరం. మందు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, వారం చూద్దాంలే అనుకోకూడదు. ఒక చెవిలోనే హోరు, కళ్లు తిరగడం, చెవి కారడం, ముఖం ఒకవైపు వంకరపోవడం కూడా వెంటనే చూపించాల్సినవే.

పరీక్ష చేయించాక రిపోర్టులో 500, 1000, 2000, 4000 దగ్గర రెండు చెవుల అంకెలూ, మాటల పరీక్ష శాతమూ ఇక్కడే కింద రాయండి. వాటిని బట్టి మిషన్ అవసరమా, ఏ రకమైతే బాగుంటుందో చెబుతాను. వీలైతే పరీక్షకు మీరే వెంట వెళ్లండి. మీ మామూలు గొంతుతో మీరు చెప్పిన మాటలు ఆవిడకు ఎన్ని అందుతున్నాయో అక్కడే చూడమని అడగవచ్చు, చాలామంది ఆడియాలజిస్టులు సంతోషంగా చేస్తారు.